బాల్చీ ఆట

పరుగెత్తి పాలు తాగేకన్నా నిలబడి నీళ్ళు తాగడం మేలని మనవాళ్ళు ఊరికే అనేస్తుంటారు. అనేసి మళ్ళీ పరుగెత్తుతూనే ఉంటారు. ఆ మాటను నిజంగా నమ్మి, దాని ప్రకారమే పిల్లను పెంచిన మనిషి మలయాలో బటాంగ్ బెర్జుంటై వైపు రబ్బరు తోటల్లో నూకమ్మ ఒక్కతే అయివుంటుంది.

ఆమె కూతురు కన్నమ్మ పరుగెత్తగా ఏడేళ్ళు వచ్చేదాకా ఎవరూ చూడలేదు. కూలీల కాపురాలుండే ఆ పొడుగాటి రేకుల లయాల ముందు మిగతా పిల్లలు పొద్దస్తమానం కోతుల్లా గెంతేవారు. కన్నమ్మ గడప మీద కూర్చుని వాళ్ళను చూసేది. పిలిస్తే వచ్చేది, నడిచే వచ్చేది. వానొస్తే తడిసేది, నడుస్తూనే తడిసేది. తల్లులు రబ్బరు చెట్లు గీయడానికి పోయినప్పుడు పిల్లల్ని చూసే పాపాయి ముసలమ్మ మిగిలిన పిల్లల వెంటపడలేక తిట్టుకునేది గానీ, కన్నమ్మను చూస్తే మాత్రం ఆమెకు తిట్టు బదులు దిగులు పుట్టేది. ఈ గుంటని గుమ్మడికాయలాగ ఓ మూల పెడితే మళ్ళీ తీసేదాకా అక్కడే ఉంటాదని అందరికీ చెప్పేది. ఆ మాట పిల్లల చెవిన పడి, కన్నమ్మకు గుమ్మడికాయ అన్న పేరు స్థిరపడిపోయింది. నిజానికి ఆ పిల్ల ఒంట్లో గుమ్మడికాయ ఛాయ ఎక్కడా లేదు. కాళ్ళు పొడుగు, పిక్కలు సన్నం. అచ్చం మేనమామ పోలిక.

ఆ మేనమామ సంగతి చెబితేగానీ నూకమ్మ సంగతి అర్థం కాదు. టెక్కలి వైపు ఓ పల్లె నుంచి తండ్రి వెంట విశాఖపట్నంలో ఓడెక్కినప్పుడు నూకమ్మ చేతిలో తమ్ముడి చెయ్యి ఉంది. తల్లి అప్పటికే లేదు. జపానువాళ్ళ కాలంలో సయాం రైలుదారి పనికని తండ్రిని పట్టుకుపోతే ఆయన తిరిగి రాలేదు. ఇంక ఆమెకు పుట్టింటి తరఫున మిగిలిందల్లా ఆ తమ్ముడు కూర్మయ్య. వాడిని మించి పరుగెత్తేవాడు తోటలో లేడు. కూలీల మేస్త్రీ కంగాణి సైకిలు మీద పోతుంటే పక్కనే పరుగెడుతూ కబుర్లు చెప్పేవాడు. అక్క పెళ్ళయ్యాక కూడా అక్క పొయ్యి దగ్గరే అన్నం తినేవాడు.

అవి మలయాలో తెల్లవాళ్ళు పెట్టిన ఎమర్జెన్సీ రోజులు. అడవిలో కమ్యూనిస్టులు, రోడ్డు మీద తెల్ల సైనికులు, ఇద్దరి మధ్యా తోటవాళ్ళు. వీళ్ళకు బియ్యమిచ్చారని వాళ్ళు కొట్టేవారు, వాళ్ళకు బియ్యమిచ్చారని వీళ్ళు కొట్టేవారు. యాభై ఒకటిలో ఒక పొద్దుటిపూట, చెట్లు గీస్తూండగా, రోడ్డు మీద కాల్పులు మొదలయ్యాయి. ఎక్కడివాళ్ళక్కడ నేలకు కరుచుకున్నారు. పాపాయి ముసలమ్మకు జ్వరమని నూకమ్మ ఆరోజు రెండేళ్ళ కన్నమ్మను వెంట తెచ్చుకుంది. పిల్లను పొట్ట కింద వేసుకుని కాలవలో బోర్లా పడుకుంది. అవతలి వరస చెట్ల కింద కూర్మయ్య కూడా పడుకునే ఉన్నాడు. కాసేపటికి కాల్పులు ఆగాయి. వాడు తలెత్తాడు. అక్కా, గుంటేదీ అని ఒక కేక పెట్టి, లేచి, ఆమె వైపు పరుగెత్తాడు. మోచేతులు వెడల్పుగా ఊపుతూ, గడ్డం పైకెత్తి, ఎప్పుడూ పరుగెత్తినట్టే. అప్పుడు ఇంకొక్క తూటా పేలింది.

అది అడవివాళ్ళ తూటా అని పోలీసులు చెప్పారు. అడవివాళ్ళను అడగడానికి ఎవరూ పోలేదు.

ఏడ్చి ఏడ్చి కన్నీళ్ళు ఇంకిపోయాక నూకమ్మ బుర్రలో ఒక్క మాట మిగిలింది. పడుకున్నవాళ్ళందరూ బతికారు, లేచి పరుగెత్తినవాడు పోయాడు. ఆ మాట తప్పని చెప్పడానికి ఎవరికి నోరొస్తుంది? కళ్ళారా చూసిన లెక్క అది. మొక్కై వంగనిది మానై వంగదు కదా, అందుకని ఆమె కూతుర్ని మొక్కప్పుడే వంచడం మొదలుపెట్టింది.

ఆ పద్ధతికి ఆమె పెట్టిన పేరు బాల్చీ ఆట. సాయంత్రం పనులయ్యాక రబ్బరు పాలు మోసే బాల్చీని వాకిట్లో బోర్లించేది. పిల్ల ఏ మూలనున్నా సరే, చెట్లు గీసే కత్తి పిడితో దాని మీద ఠక్కున కొట్టేది. చప్పుడు వినపడగానే పిల్ల ఉన్నచోటే బోర్లా పడుకోవాలి. రెండు చేతులూ తల మీద పెట్టుకోవాలి. తల్లి కూడా పడుకునేది, పక్కనే, దుమ్ములోనే. అది మొదటి సగం. అసలు సంగతి రెండో సగంలో ఉంది.

“నాను లెగిసేదాకా నువ్వు లెగవకు. ఎవులు పిల్సినా లెగవకు. మీ నాన్న పిల్సినా లెగవకు. నన్నే సూత్తుండు, నాను లెగిత్తే లెగు.”

ముందుగా లేస్తే పిక్కల మీద రబ్బరు కొమ్మతో రెండు పడేవి. చెప్పినట్టు ఉంటే నూకమ్మ కొంగు ముడి విప్పి చిన్న తాటిబెల్లం ముక్క అరచేతిలో పెట్టేది. గుప్పెడు బియ్యం, బెల్లం ముక్క కూడా గేటు దాటనివ్వని రోజులవి. ఆ ముక్క కోసం పిల్ల పగలంతా బాల్చీ వైపు ఆశగా చూసేది. పసిదానికి అది నిజంగా ఆటే. వేరే ఆట తెలిస్తే కదా.

అప్పటికి లయాల చుట్టూ ముళ్ళకంచె వేశారు. అన్నం కూడా అందరికీ ఒక్కచోటే వండి పెట్టేవారు, పచ్చి బియ్యం అడవికి పోతుందని. పొద్దున్నే గేటు దగ్గర ఆడా మగా చేతులెత్తి నిలబడితే తడిమి చూసి వదిలేవారు. కన్నమ్మకు సొంతంగా ముద్ద కలుపుకోవడం కంటే ముందు చేతులెత్తడం వచ్చింది. గేటు కాపలావాళ్ళు ఆ పిల్లను చూసి ముచ్చటపడి బుగ్గ గిల్లేవారు. ఎంత బుద్ధిమంతురాలో అని అరవంలోనూ మలాయిలోనూ మెచ్చుకునేవారు. నూకమ్మ ఆ మెప్పును పతకంలా మోసుకుని పనికి పోయేది.

మండిపడేవాడు ఒక్కడే, కన్నమ్మ తండ్రి అప్పడు. ఊళ్ళో చెడుగుడు ఆడిన ఒళ్ళు అతనిది. తోటకొచ్చి రెండు పూటలా బాల్చీలు మోసి వంగిపోయినా, ఆదివారాల్లో కుర్రాళ్ళు కూత పెడుతుంటే గీత పక్కన నిలబడకుండా ఉండలేకపోయేవాడు. కొడుకు లేడన్న బెంగ అతనికి లేదు. కూతురి కాళ్ళు చూసుకుని మురిసేవాడు. ఆ కాళ్ళను పెళ్ళాం కట్టేసిందని మాత్రం అతనికి కడుపుమంట. ఒకరోజు పిల్ల పిక్కల మీద వాతలు చూసి ఇంక ఆగలేకపోయాడు.

“ఓలే నూకీ, కుక్కని కట్టేసినా గొలుసు పొడుగంతా తిరుగుతాది. దీనికి గొలుసు కూడా అక్కర్నేకుండా సేసినావు. పిల్లని పెంచుతున్నావేటి, పాతిపెడుతున్నావేటి?”

నూకమ్మ టీనీళ్ళ పొయ్యి ఊదుతూనే జవాబు చెప్పింది. “ఒకడ్ని పాతిపెట్టే వొచ్చినాను మావా. దీన్ని పాతిపెట్టడం నావొల్ల కాదు.”

ఆ మాటకు అప్పడి నోరు మూతపడింది. మూతపడి నాలుగేళ్ళు అలాగే ఉండిపోయింది. అతని తప్పేమిటంటే అదే అంటాను నేను. దుఃఖంతో చెప్పిన మాటకు ఎదురు చెప్పడం పాపమనుకున్నాడు. ఆ పాపం చేసి ఉంటే బాగుండేది.

కాలం ఎవరి కోసమూ ఆగదు. అడవిలో కాల్పులు తగ్గుముఖం పట్టాయి. మెర్డెకా, అంటే స్వతంత్రం, వస్తుందట, తెల్లవాళ్ళు జెండా దింపి పోతారట అని సుంకులు రాలినట్టు మాటలు రాలసాగాయి. మెర్డెకాకు ముందటి ఏడాది ఆ ప్రాంతంలో భయం లేదని సర్కారు చాటింది. ఒక మధ్యాహ్నం లారీలో మనుషులొచ్చి కంచె తీగలు కత్తిరించి చుట్టలు చుట్టి పట్టుకుపోయారు. స్తంభాలు పాతిన గుంటలు మాత్రం మిగిలాయి. పిల్లలు ఆ గుంటల మీంచి ఇటూ అటూ దూకుతుంటే పెద్దవాళ్ళు కూడా నవ్వారు. కన్నమ్మ మాత్రం కంచె ఉన్నచోటికి వచ్చి అలవాటు ప్రకారం ఆగి, చేతులెత్తి, ఎవరూ తడమకపోయేసరికి ఏం చెయ్యాలో తెలియక వెనక్కు వచ్చేసింది.

ఆ పిల్లతో మొదటిసారి పరుగు తీయించింది తండ్రి కాదు, పక్కింటి వెంకమ్మ మేక. వెంకమ్మ నోరు ఎంత పెద్దదో ఆమె మేక నోరూ అంతే. కన్నమ్మ గడప మీద పెట్టుకున్న బడి పుస్తకాన్ని అది అందుకుని దారి పట్టింది. పిల్ల ఒక్క క్షణం చూసింది. తర్వాత ఏం జరిగిందో పిల్లకే తెలియదు. లేచి మేక వెంటపడింది. లయం చివర దాకా, అక్కడి నుంచి కుళాయి దాకా, కుళాయి చుట్టూ. అక్కడ బిందె నింపుకుంటున్న నూకమ్మ తలెత్తి చూసి, పక్కనే కొమ్మ కోసం చెయ్యి చాపింది.

చాపిన చెయ్యి అలాగే ఉండిపోయింది. మోచేతులు వెడల్పుగా, గడ్డం పైకి. కూర్మయ్యే వస్తున్నాడు. ఆరేళ్ళ కిందట ఆ తూటా ఎక్కడ ఆపేసిందో అక్కడి నుంచి మళ్ళీ మొదలుపెట్టి, అక్క వైపే పరుగెత్తుకొస్తున్నాడు. నూకమ్మ నేల మీద చతికిలబడి, పిల్లను పట్టుకుని, బిందె పొర్లిపోతున్నా పట్టించుకోకుండా ఏడ్చింది. కొడుతుందనుకున్న పిల్ల బిక్కచచ్చిపోయి, చేతిలో మేక నమిలిన పుస్తకాన్ని తల మీద పెట్టుకుంది.

ఆ సాయంత్రం నూకమ్మ మొగుడితో, దీన్ని ఆటస్థలానికి తీసుకెళ్ళమంది. అప్పడు మళ్ళీ అడగలేదు. ఎక్కడ మాట మార్చుకుంటుందో అని పిల్ల చెయ్యి పట్టుకుని వెంటనే బయల్దేరాడు.

ఆ తర్వాత నెలలన్నీ ఆ ఇంటికి పండగలే. అప్పడు గీత గీసి, చప్పట్లు కొట్టి పరుగెత్తమనేవాడు. పిల్ల మొదట్లో నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగి తల్లి ఎక్కడుందో చూసేది. తర్వాత తర్వాత చూడడం మానేసింది. గుమ్మడికాయ అన్నవాళ్ళను ఒక్కొక్కళ్ళనే దాటింది. నూకమ్మ గట్టు మీద కూర్చుని చూసేది. లేచి పిల్లను పట్టుకొచ్చేయాలనిపించేది, అయినా కూర్చునేది. బాల్చీ మళ్ళీ బాల్చీ అయింది, వాకిట్లో దాన్ని బోర్లించడం మానేసింది. కానీ ఆ ఆట అయిపోయిందని మాత్రం పిల్లతో ఒక్క మాట చెప్పలేదు. చెప్పాలని ఆమెకు తోచలేదు. మానేస్తే మర్చిపోయినట్టేనని అనుకుంది.

మెర్డెకా రోజుకు తోటలో పిల్లలకు ఆటల పోటీలన్నారు. ఆడపిల్లల పరుగులో గెలిచినవాళ్ళకు తెల్ల కాన్వాసు బూట్లు. ఆ బూట్లను వారం ముందు నుంచే తోట గుమాస్తా కిరాణి ఆఫీసు కిటికీలో పెట్టారు. కన్నమ్మ రోజూ బడి నుంచి వస్తూ అక్కడ కాసేపు నిలబడేది. తన పాదం కిటికీ గోడకు ఆనించి కొలత చూసుకునేది. అమ్మా, అవి నాకు సరిపోతాయి అని ఇంటికొచ్చి చెప్పింది. ఆ పిల్ల తనంతట తాను ఒకటి కావాలని నోరు తెరవడం అదే మొదలు. ఆ రాత్రి నూకమ్మ ట్రంకు పెట్టె అడుగు నుంచి తమ్ముడి నీలం చొక్కా తీసింది. ఆరేళ్ళుగా దాన్ని ఉతకలేదు, ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. కత్తెర పెట్టి కత్తిరించి కూతురికి జాకెట్టు కుట్టింది.

ఆరోజు పొద్దున్న వాన పడి వెలిసింది. కొత్త జెండా ఎత్తారు, అందరికీ మిఠాయి పంచారు, కంగాణి ఉపన్యాసం చదివాడు. ఎవరికీ అర్థం కాకపోయినా అందరూ చప్పట్లు కొట్టారు. తర్వాత గోనెసంచుల పరుగు, నిమ్మకాయ చెంచా పరుగు అయ్యాయి. అన్నిటికీ కిరాణి ఈల ఊదాడు. ఆడపిల్లల పరుగు వచ్చేసరికి ఆడవాళ్ళంతా తాడు దగ్గరకు తోసుకొచ్చారు. నూకమ్మ అందరికంటే ముందుంది. గీత మీద కన్నమ్మ నీలం జాకెట్టులో, ఒక కాలు ముందుకు పెట్టి, తండ్రి చెప్పినట్టే వంగి నిలబడింది. అటు చివర ముగింపు తాడు పక్కన అప్పడు మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, తనే పరుగెత్తబోతున్నట్టు ఉన్నాడు. పక్కనున్న తమిళావిడకు నూకమ్మ అడక్కుండానే ఆ నీలం జాకెట్టు మా గుంటే అని చెప్పింది. చెప్పి సిగ్గుపడింది.

కిరాణి ఈల నోట్లో పెట్టుకున్నాడు. అప్పుడు తోట మేనేజరు దొరగారు నవ్వుతూ లేచి, చెయ్యి అడ్డం పెట్టి ఆపారు. ఇన్నేళ్ళూ నడుముకు కట్టుకుని తిరిగిన పిస్తోలు ఆయనది. వాడే అవసరం లేకుండా మిగిలిపోయిన తూటాల్లో ఒకటి ఈ మంచిరోజున పిల్లల ఆటకు ఖర్చు చేద్దామని ఆయనకు సరదా పుట్టింది. మంచి సరదాయే. చెయ్యి ఆకాశానికెత్తి పేల్చారు.

నూకమ్మ ముక్కుకు తడి గడ్డి వాసన తగిలింది. చేతులు తల మీద ఉన్నాయి. పొట్ట కింద పిల్ల లేదు. పిల్ల కోసం ఒక చెయ్యి నేల మీద తడిమింది. అప్పుడు నవ్వులు వినపడ్డాయి, ముందు దగ్గర్లో, తర్వాత స్థలమంతా. ఆమె తల కాస్త ఎత్తి, తాడు కింద నుంచి చూసింది. పిల్లలు అవతలి తాడు తెంచుకుని పోయి అప్పుడే బూట్ల బల్ల చుట్టూ మూగుతున్నారు. ఇటు గీత మీద ఒక్కతే మిగిలింది. నీలం జాకెట్టు బురదలో బోర్లా, రెండు చేతులూ తల మీద. ముఖం మాత్రం పక్కకు తిప్పి, కళ్ళు విప్పుకుని, తల్లి వైపే చూస్తోంది.

అప్పడు అంత దూరం నుంచి పరుగెత్తుకొచ్చి పిల్ల రెక్క పట్టుకున్నాడు. లెగవే, లెగు తల్లీ, ఏటీ నేదు, ఆటకి కాల్చినారు అని బతిమాలాడు. పిల్ల రాయిలా ఉంది. నాన్న పిలిచినా లేవకూడదని కదా మాట. అతను ఒంటి చేత్తో లాగితే మరింతగా నేలకు కరుచుకుంది. దొరగారు ఏం జరిగిందో తెలియక కిరాణిని అడుగుతున్నారు. కిరాణి నవ్వు ఆపుకోలేక చెప్పలేకపోతున్నాడు. వెనకనుంచి వెంకమ్మ గొంతు అందరికీ వినపడేలా వచ్చింది.

“ఆవు సేలో మేత్తే దూడ గట్టున మేత్తాదేటి? ఇటు సూడండి, తల్లీ అలాగే పడుంది.”

ఆ మాటతో ఇటువైపు కూడా తిరిగి నవ్వారు. వెంకమ్మ కూడా అప్పుడు ఆ కాలవలోనే పడుకుంది. ఈ నవ్విన ఆడవాళ్ళలో సగంమంది పడుకున్నారు. ఆరేళ్ళకే మర్చిపోయారు. మర్చిపోగలగడం కూడా ఒక అదృష్టమే, అది అందరి నుదుటా రాయడు దేవుడు.

నూకమ్మకు లేవాలని ఉంది. తను లేస్తేగానీ ఆ పిల్ల లేవదని ఆ జనంలో ఆమెకొక్కతెకే తెలుసు. కానీ ఒళ్ళంతా ఆ పాత కాలవలోనే ఉండిపోయింది, ఇంకొక్క తూటా ఉంటుంది, ఎప్పుడూ ఇంకొకటి ఉంటుంది అని చెబుతోంది. అంతమంది నవ్వుల మధ్య, అంత దూరం నుంచి, తల్లీ కూతురూ ఒకరినొకరు చూసుకుంటూ పడుకుని ఉన్నారు. చివరికి ఆమె తాడు గుంజ పట్టుకుని లేచింది. చీరంతా బురద. లేచి నిలబడింది.

కన్నమ్మ వెంటనే లేచింది. తండ్రి చెయ్యి విడిపించుకుని, బూట్ల బల్ల వైపు చూడనైనా చూడకుండా, స్థలానికి అడ్డంగా తల్లి దగ్గరకు వచ్చింది, నడిచే. ముఖం నిండా బురద, ఆ బురదలోంచి కళ్ళు మెరుస్తున్నాయి. ఓడిపోయిన పిల్ల ముఖం కాదది.

“నాను ముందు లెగనేదమ్మా. నాన్న లాగినా లెగనేదు.”

అని, తల్లి ముందు నిలబడి కుడి అరచెయ్యి చాపింది. నూకమ్మ ఆ చేతి వంక చూసింది. చెయ్యి తనంతట అదే కొంగు ముడి దగ్గరకు పోయింది. ముడిలో బెల్లం లేదు.